ఇస్మత్ కొరికిన రొట్టె

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఓయ్‌నిసా కోడలు జుహ్రా, తన కొడుకు పెళ్ళికి గది కావాలని, గోడకు వేలాడే ఇస్మత్ రొట్టెను కావాలనే ప్రయాణం మూటలో పెట్టి దర్గాకు పంపిందట. అక్కడ అత్త చేతే దాన్ని విరిపించి, పెద్ద కొడుకు పోయినట్టే అని అనిపించిందట. మొన్న తందూరు దగ్గర ఈ మాట మా వీధి మస్తూరా నోటి నుంచే విన్నాను. ఆ రోజు దర్గాకు వెళ్ళిన బస్సులో మస్తూరా కూడా ఉంది. నా పక్కనే కూర్చుని అదే రొట్టె తింది. కళ్ళారా చూసిన మనిషే ఇలా చెబితే చూడనివాళ్ళు ఇంకెంత కలుపుతారో తెలియదు. అందుకని, నాకున్న నాలుగో తరగతి చదువుతోనే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఓయ్‌నిసా వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. ఆమె కోడలుగా వచ్చిన రోజున ముసుగు తొలగించి ముఖం చూసినవాళ్ళలో నేనొకదాన్ని. మార్గిలాన్‌లో ఉన్న మా ఊరి ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా పట్టుమిల్లులో చేరింది. సలసల కాగే నీళ్ళ తొట్టెలో పట్టుగూళ్ళు తేలుతుంటాయి. చెయ్యి పెట్టి దారం కొస వెతికి రాట్నానికి అందించాలి. ఆమె వేళ్ళు ఎప్పుడూ ఉడకబెట్టినట్టు తెల్లగా ముడతలు పడి ఉండేవి.

"ఆ చేతులకి గాజులొకటా, ఎవరు చూస్తారని" అని ఒకసారి మస్తూరా దెప్పింది.

"నా మొగుడు చూస్తాడు. నీ మొగుడు చూడకుండా ఉంటే అదే చాలు" అంది ఓయ్‌నిసా.

అప్పట్లో అంత నోరుండేది. ఆమె నవ్వితే గోడకివతల మా కోళ్ళు ఉలిక్కిపడేవి.

పెద్దవాడు ఇస్మత్. వాడి తరవాత చాలా కాలానికి హైదర్ పుట్టాడు. ఇస్మత్‌కు పద్దెనిమిది నిండగానే సైన్యం నుంచి పిలుపొచ్చింది. వాడు వెళ్ళిన పొద్దున వీధంతా వాళ్ళ వాకిట్లోనే ఉంది. దూరం వెళ్ళే మనిషి ఇంటి రొట్టెను ఒక్క కొరుకు కొరికి మిగతాది ఇంట్లో వదిలి వెళ్ళాలి. ఆ మిగిలినదాన్ని గుడ్డలో చుట్టి గోడకు వేలాడదీస్తారు. తన వంతు తిండి ఇంట్లో ఎదురుచూస్తుంటే మనిషి తిరిగి వస్తాడని మా నమ్మకం. వచ్చినవాడే దాన్ని పూర్తి చెయ్యాలి. ఇంకెవరూ ముట్టరు.

ఓయ్‌నిసా అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టెను గడపలో నిలబడి అందించింది. ఇస్మత్ రొట్టె నడుమ గుచ్చిన పువ్వు అచ్చు దాకా ఒక పెద్ద కొరుకు కొరికాడు. చిన్న హైదర్ నాకూ కావాలని కాళ్ళకు చుట్టుకున్నాడు.

"వీడికివ్వకమ్మా" అన్నాడు ఇస్మత్, నోటినిండా రొట్టెతో. "నేనొచ్చేసరికి ఇటుకలా అయినా సరే, టీలో నానబెట్టుకుని తింటాను."

వాడి ముందుపన్ను ఒకటి కొంచెం వంకరగా ఉండేది. రొట్టె మీద ఆ పంటి గుర్తు విడిగా కనపడింది. అందరం నవ్వాం. ఓయ్‌నిసా వాడి వీపు మీద చెయ్యి వేసి, మేమంతా అనే మాటే అంది. "అల్లాకు అప్పగించాను నాయనా."

ఆ ఏడాదే వాణ్ణి నది దాటించి ఆఫ్ఘన్ యుద్ధానికి తీసుకెళ్ళారు. మా పేటలో రెండిళ్ళకు మూత వెల్డింగు చేసిన శవపెట్టెలొచ్చాయి. ఓయ్‌నిసా ఇంటికి పెట్టె రాలేదు. ఒక ఆఫీసరు వచ్చాడు. నిలబడే మాట్లాడాడు, టీ తాగలేదు. ఆచూకీ తెలియలేదు అన్నాడు. ఉన్నాడనలేదు, పోయాడనలేదు.

ఆ తరవాత యుద్ధం ముగిసింది, జెండా మారింది, డబ్బు మారింది. రొట్టె గోడ మీదే ఉండిపోయింది. శుక్రవారం శుక్రవారం ఓయ్‌నిసా దాన్ని దించి, విప్పకుండానే పైగుడ్డ మార్చి, మళ్ళీ మేకుకు తగిలించేది. నది అవతల ఎవరో మనవాడు దొరికాడట, గడ్డం పెంచుకుని, అక్కడి పిల్లనే చేసుకుని, మన భాష కూడా సగం మరిచిపోయాడట అని ఎక్కడి నుంచో ఒక కబురు వచ్చేది. ఆ కబురు వచ్చిన వారం ఆమె గది గోడలు తుడిచేది, పరుపులు ఎండలో వేసేది. ఆ గది ఇస్మత్‌ది. ఒక గోడకు ఆనించి వాడి సైకిలు, మేకుకు వాడి రొట్టె. తాళం చెవి ఆమె మెడలో ఉండేది.

మొగుడు ఎర్గాష్ ఆ కొడుకు గురించి మాట్లాడకుండానే కన్ను మూశాడు. హైదర్ పెద్దవాడయ్యాడు, జుహ్రాను చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. అంతమందీ రెండు గదుల్లో ఒకరి మీద ఒకరు పడుకున్నారే తప్ప ఆ మూడో గది ఎవరూ అడగలేదు. జుహ్రా కూడా ఏనాడూ అడగలేదు. ఇది నేను గోడకివతల నుంచి చెబుతున్న మాట. నా చెవులు ఎలాంటివో ఈ వీధికి తెలుసు.

ఓయ్‌నిసాను అసలు నలిపింది గది కాదు. మాలో ఆడవాళ్ళం ఎక్కడ కూడినా, పెళ్ళిలోనైనా చావులోనైనా, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు రబియా ఒతిన్ దువా చేస్తుంది. ఒతిన్ అంటే మా ఆడవాళ్ళకు ఖురాన్ చదివిపెట్టే పెద్దావిడ. ముందు బతికున్నవాళ్ళ పేర్లు అడుగుతుంది, తరవాత పోయినవాళ్ళ పేర్లు. ఎవరివాళ్ళ పేర్లు వాళ్ళు చెప్పుకోవాలి. ఓయ్‌నిసా ఎప్పుడూ మొదటి వరసలో మొదటి పేరుగా ఇస్మత్ అనేది. మిగతా ఆడవాళ్ళు తలలు దించుకునేవాళ్ళు.

ఒకనాడు ఒతిన్ ఆమెను పక్కకు తీసుకెళ్ళింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు అక్కడే ఉన్నాను.

"ఓయ్‌నిసా, ఒకవేళ వాడు లేకపోతే?" అంది ఒతిన్. "పోయినవాళ్ళు తల్లి నోట తమ పేరు కోసం చెవులొగ్గి ఉంటారు. అందరి తల్లులూ పిలుస్తారు. నీ కొడుకు ఒక్కడూ ఆకలితో నిలబడి ఉంటాడు. ఆలోచించు."

"ఒకవేళ ఉంటే, ఒతినమ్మా?" అంది ఓయ్‌నిసా. "బతికున్నవాణ్ణి నా నోటితో నేనే చంపినట్టు కాదా?"

ఆ రోజు నుంచి ఓయ్‌నిసా కంటినిండా నిద్రపోలేదు. పేరు చెప్పకపోతే పోయిన కొడుకు పస్తు, చెబితే ఉన్న కొడుకు చావు. ఆమె మోసింది ఇది.

ఇంతలో హైదర్ పెద్దకొడుకు అజీజ్‌కు పెళ్ళి కుదిరింది. ఎండలు ముదరకముందే ముహూర్తం. కొత్తకోడలికి గది కావాలి. హైదర్ ఒక సాయంత్రం తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, అన్న గది..."

"మీ అన్న వస్తే ఎక్కడ పడుకుంటాడు?"

"నా మంచం మీద పడుకుంటాడమ్మా. నేను వాకిట్లో పడుకుంటాను."

ఆమె మెడలోని తాళంచెవిని వేళ్ళతో తిప్పింది. తరవాత అంది. "షీరీన్‌బులాఖ్ దర్గాకు వెళ్ళొస్తాను. అక్కడ అడిగి, వచ్చి చెబుతాను."

షీరీన్‌బులాఖ్ మా వాళ్ళు కడుపుకోతలకూ, తీరని ముడులకూ వెళ్ళే చోటు. కొండ కింద ఒక ఊట, దాని పైన ఒక చిన్న గుమ్మటం, ఒక కాపలా మనిషి ఇల్లు, అంతే. మేమూ వస్తామన్నాం. పెళ్ళికి ముందు దువా చేయించుకున్నట్టూ ఉంటుంది, కొండగాలి పీల్చినట్టూ ఉంటుంది. తూర్సున్ పాత బస్సు మాట్లాడాం.

బయలుదేరిన తెల్లవారుజామున కరెంటు లేదు. ఎవరింట్లో వాళ్ళు చీకట్లో తడుముకుని మూటలు తెచ్చుకున్నారు. ఓయ్‌నిసా తెల్లగుడ్డ మూటను గుండెకు ఆనించుకుని ఎక్కింది.

"అమ్మమ్మల్లారా, కాస్త ముందుకు సర్దుకోండి. వెనక టైరు ఏడుస్తోంది" అన్నాడు తూర్సున్.

"మమ్మల్ని చూసి కాదురా, నీ బస్సుకు నువ్వు డ్రైవరువైనందుకు ఏడుస్తోంది" అంది మస్తూరా.

బజారు మలుపు తిరుగుతుండగా నేను వెనక అద్దంలోంచి చూశాను. యాత్రకు బయలుదేరిన మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. అందరికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా నా మెడ ఆగదు. రోడ్డు మధ్యలో ఒక ఆడమనిషి ఉత్త కాళ్ళతో, తలగుడ్డ చేత్తో పట్టుకుని, పరుగెత్తుకుంటూ వస్తోంది. జుహ్రా.

"నీ కోడలు చెయ్యి ఊపుతోందే" అన్నాను ఓయ్‌నిసాతో.

"ఊపనీ. వెనక్కి చూడను" అంది ఓయ్‌నిసా.

బస్సు ఆపమందామా అనుకున్నాను. బయలుదేరిన బండిని వెనక్కి తిప్పితే కీడు అని ఊరుకున్నాను. దుమ్ములో జుహ్రా చిన్నదైపోయి కనపడకుండా పోయింది. మస్తూరా మర్చిపోయిందేమోగానీ, ఆ పరుగు నాకు గుర్తుంది. కావాలని పంపిన మనిషి అలా పరుగెత్తదు.

కొండల్లో రాత్రి వాన పడింది. మామూలుగా చక్రాలు కూడా తడవని వాగు ఆ రోజు ఎర్రగా ఉరుకుతోంది. తూర్సున్ ఇంజను ఆపేశాడు.

"నేను దిగను, నా బస్సు దిగదు. మీకు ఓపికుంటే చెక్క వంతెన మీద నడిచి వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను."

వంతెన అంటే రెండు దుంగలు, అడ్డం పలకలు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అంగుళం అంగుళం జరిగాం. అందరి రొట్టెలూ, హల్వా డబ్బా ఒకే పెద్ద దుప్పట్లో కట్టి మస్తూరా వీపుకు తగిలించాం, ఆమే గట్టిది కనక. ఓయ్‌నిసా మాత్రం తన మూట ఇవ్వలేదు. నా మూట నా చేతిలో ఉంటేనే నాకు అలవాటు, ఉండనివ్వండి అంది. మధ్యలో ఒక పలక కదిలింది. మస్తూరా మోకాళ్ళ మీద పడింది, ముడి ఊడింది, దుప్పటి వాగులోకి జారింది. కాల్చిన రొట్టెలన్నీ గుండ్రంగా తేలుతూ, ఒకదాని వెంట ఒకటి, పల్లానికి, మా ఊరి దిక్కుకే వెళ్ళిపోయాయి.

అవతలి గట్టున మస్తూరా కూలబడింది.

"ఇది మంచి శకునం కాదు. రొట్టెను నీళ్ళు పట్టుకుపోయాయంటే ఇంకేం మిగిలింది? తిరిగి పోదాం పదండి."

అందరం ఒతిన్ ముఖం చూశాం. ఒతిన్ కొండ వైపు చూసింది. ఓయ్‌నిసా తడిసిన అంచు పిండుకుంటూ అంది. "అల్లా రొట్టెలు తీసుకుని మనిషిని వదిలాడుగా. లే మస్తూరా. నీ మోకాలు ఎత్తి అడుగెయ్యి."

మస్తూరా లేచింది. కొండ ఎక్కుతుంటే సన్నగా జల్లు మొదలైంది. దర్గా దగ్గర ఎప్పుడు వెళ్ళినా కాపలా మనిషి ఎదురొచ్చి టీ కాచిపెట్టేవాడు, అతని భార్య రొట్టె పెట్టేది. ఆ రోజు వాళ్ళ తలుపుకు తాళం. మేక ఒకటి చూరు కింద నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"దాన్నడగండి, రొట్టె ఉందేమో" అంది ఒకావిడ. ఎవరికీ నవ్వు రాలేదు. రొట్టె లేకుండా దస్తర్‌ఖాన్ పరచడం మేమెరగం. అప్పుడు ఒతిన్, ఓయ్‌నిసా చేతిలోని మూట చూసి, "ఇదైనా మిగిలింది, అల్లాకు షుక్ర్" అంది.

గుమ్మటం చూరు కింద దగ్గర దగ్గరగా కూర్చున్నాం. మధ్యలో గుడ్డ పరిచి, దాని మీద ఓయ్‌నిసా మూట పెట్టింది. విప్పబోతుంటే ఒతిన్ ఆపింది. "జల్లు కొడుతోంది, తడుస్తుంది. దువా అయ్యాక విప్పుదువు."

బతికున్నవాళ్ళ పేర్లు అడిగింది. ఎవరివి వాళ్ళం చెప్పుకున్నాం. ఓయ్‌నిసా వంతు వచ్చింది. "ఇస్మత్, హైదర్, జుహ్రా, అజీజ్" అంది, ఎప్పటిలాగే. పోయినవాళ్ళ పేర్లు అడిగితే అమ్మ పేరు, నాన్న పేరు, ఎర్గాష్ పేరు చెప్పింది. ఒతిన్ చేతులెత్తబోయి ఒక్క క్షణం ఆగింది.

"ఇంకెవరైనా ఉన్నారా, ఓయ్‌నిసా?"

"లేరు."

దువా పెద్దగానే సాగింది. వాన చప్పుడూ ఒతిన్ గొంతూ కలిసిపోయాయి. ఆమీన్ అని ముఖాలు తడుముకున్నాం. ఓయ్‌నిసా ముడి విప్పింది. గుడ్డ నాలుగు కొసలు తెరుచుకున్నాయి.

మూటలో ఉన్నది ఆ రొట్టె.

ఇస్మత్ వెళ్ళిన పొద్దున తరవాత నేను దాన్ని గుడ్డలో చూశానే తప్ప బయట చూడలేదు. బూడిదరంగుకు తిరిగి, అంచులు వంగి, ఎండిన తోలులా ఉంది. నడుమ అచ్చు గుర్తులు చెరగలేదు. ఒక పక్కన నోటంత గాటు. ఆ గాటులో ఒక పన్ను వంకర.

ఓయ్‌నిసా చేతులు విప్పిన గుడ్డ మీదే ఉండిపోయాయి.

"యా అల్లా, ఇదెలా వచ్చిందిక్కడికి?" అంది మస్తూరా గొణిగినట్టు.

అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది ఒకటే సంగతి. దర్గాలో దువా పడ్డ తిండి తిరిగి ఇంటికి పోకూడదు. అక్కడున్న ప్రతివాళ్ళూ ఒక ముక్కయినా నోట్లో వేసుకోవాలి. అలా తినకపోతే, చేసిన దువా గాల్లోనే ఉండిపోతుందని మా పెద్దల మాట. ఇస్మత్ తప్ప ఎవరూ ముట్టకూడని రొట్టె, అందరూ తినక తప్పని రొట్టె అయింది.

"కట్టెయ్" అంది ఒతిన్. ఆ పేరు పోయినవాళ్ళలో చెప్పే సంగతి ఆలోచించమన్న మనిషే. "పొరపాటు పొరపాటే. అల్లా చూస్తున్నాడు. కట్టెయ్యి ఓయ్‌నిసా, ఎవరమూ చూడలేదనుకుందాం."

"అదెలా కుదురుతుంది ఒతినమ్మా, మా దువా కూడా ఉంది కదా దాని మీద" అని ఒకావిడ అంది. ఆమె మనవరాలికి జబ్బు, పాపం, ఆమె బాధ ఆమెది. ఇంకొకావిడ పక్షులకు వేద్దామంది. అందరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోయారు. ఎందుకంటే ఓయ్‌నిసా లేచింది.

రొట్టెను రెండు అరచేతుల్లోకి తీసుకుంది.

"అన్ని రొట్టెలు బయలుదేరాయి" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇదొక్కటే ఇక్కడి దాకా వచ్చింది. నేను తెచ్చుకోలేదు."

ఊట దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. నీళ్ళలో చేతులు ముంచి, మిల్లులో పట్టుగూళ్ళను పట్టుకున్నట్టే పట్టుకుంది, నలగకుండా, జారిపోకుండా. ఆ నీళ్ళు ఎముకలు కొరికేలా ఉంటాయి. ఆమె చేతులు ఎర్రబడ్డాయి. నేను తీస్తానులే అన్నాను. తల అడ్డంగా ఊపింది. రొట్టె మెల్లగా రంగు మార్చుకుంది. ముందు బరువెక్కింది, తరవాత మెత్తబడింది. ఒక్కసారి మాత్రం ఆమె వేలు ఆ పంటి గుర్తు మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. మళ్ళీ తీసేసింది.

తిరిగి వచ్చి కూర్చుని, బిస్మిల్లా అని, విరిచింది. ఒక్కొక్కరికీ గోరంత ముక్క. నాకిచ్చింది, మస్తూరాకిచ్చింది, జబ్బు మనవరాలున్న ఆమెకు రెండు ముక్కలిచ్చింది. వాగు అవతల ఉన్న తూర్సున్‌కు ఒక ముక్క గుడ్డ కొసన కట్టింది. ఏం రుచి అని మా కోడలు తరవాత అడిగింది. మట్టి, పొగ, అడుగున ఎక్కడో కాస్త ఉప్పు. పళ్ళు లేనివాళ్ళు చాలాసేపు చప్పరించారు.

చివరికి గాటు ఉన్న ముక్క మిగిలింది. దాన్ని ఆమె తన నోట్లో పెట్టుకుంది. నమలలేదు. కళ్ళు మూసుకుని, అది దానంతటదే కరిగేదాకా ఉంచుకుంది. తరవాత ఒతిన్ దగ్గరికి జరిగి, చెవిలో ఏదో చెప్పింది. ఒతిన్ తిరిగి ఏదో అడిగింది. ఓయ్‌నిసా ఇంకో మాట చెప్పింది. ఒతిన్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి చేతులెత్తింది. ఈసారి గొంతు పైకి రాలేదు, పెదాలే కదిలాయి. ఎవరి కోసమో, ఏ వరసలోనో తెలియకుండానే మేమందరం ఆమీన్ అన్నాం.

తిరిగొచ్చేసరికి వాగు కాస్త దిగింది. తూర్సున్ ఆ ముక్క చూసి, "ఇదేంటమ్మా, గార పెచ్చా?" అన్నాడు. మస్తూరా సంగతి చెప్పింది. వాడు టోపీ సరిచేసుకుని, ముక్క నోట్లో వేసుకుని, ఇంటి దాకా ఒక్క హాస్యం ఆడలేదు.

గుమ్మంలో జుహ్రా కూర్చుని ఉంది. కాళ్ళకు దెబ్బలు. మమ్మల్ని చూడగానే వచ్చి ఓయ్‌నిసా కాళ్ళ దగ్గర కూలిపోయింది.

"అత్తయ్యా, బావగారిని నేనే చంపేశాను. పెళ్ళికి ఇల్లంతా వేస్తూ ఆ గదికీ సున్నం వేద్దామని మొన్న మీరే తాళంచెవి ఇచ్చారు కదా. గోడ తడిగా ఉందని రొట్టెను దించాను. పాతగుడ్డకు సున్నం అంటిందని కొత్తది చుట్టి మా గదిలో పెట్టె మీద పెట్టాను. రాత్రి కాల్చిన ప్రయాణం రొట్టెను కూడా అలాంటి గుడ్డతోనే కట్టి పక్కనే పెట్టాను. మీరు వెళ్ళాక చూస్తే ప్రయాణం రొట్టె ఇక్కడే ఉంది. ఎంత పరిగెత్తినా బస్సు..."

చీకట్లో చెయ్యి చాచి తీసుకున్నది ఓయ్‌నిసాయే. రెండు మూటలూ ఒకలా కట్టింది జుహ్రాయే. జరిగింది ఇంతే. కావాలని చేసిందనేవాళ్ళు ఆ పిల్ల పాదాలు చూసి ఉంటే బాగుండేది.

ఓయ్‌నిసా వంగి కోడలి తల మీద చెయ్యి వేసింది.

"ఏడుపాపు. ఆ ప్రయాణం రొట్టె ఏది? పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆకలేస్తోంది."

ఇస్మత్ వెళ్ళిన తరవాత ఆమె నోట ఆకలి అనే మాట నేను వినలేదు. జుహ్రా లోపలికి పరుగెత్తింది. మర్నాడు పొద్దున ఓయ్‌నిసా మెడలోంచి తాళంచెవి తీసి హైదర్ చేతిలో పెట్టింది. సైకిలు అజీజ్‌కు ఇచ్చింది. ఇంకేమీ చెప్పలేదు.

చెప్పకపోవడమే మా వీధికి పనైంది. దర్గాలో ఇస్మత్‌ను పోయినవాళ్ళలో కలిపేసిందని కొందరు, లేదు ఉన్నవాళ్ళలోనే మళ్ళీ చెప్పిందని కొందరు. అన్న పేరున భోజనాలు పెట్టాలో వద్దో తెలియక హైదర్ సతమతమయ్యాడు, తల్లిని అడిగే ధైర్యం లేక ఊరుకున్నాడు. నేను తందూరులో సమోసాలు కాల్చి పట్టుకుని ఒతిన్ ఇంటికి వెళ్ళాను.

"నీ సమోసాలు ఎందుకొచ్చాయో నాకు తెలుసు మునవ్వర్" అంది ఒతిన్. "ఈ చెవిలో పడింది ఈ చెవిలోనే ఉంటుంది. సమోసాలు మాత్రం అక్కడ పెట్టు."

పెళ్ళికి రెండు వారాల ముందు ఆ గదిలోనే కూర్చుని కొత్తకోడలికి పరుపులు కుడుతున్నాం, నేనూ ఓయ్‌నిసా, ఎదురెదురుగా. గోడలు తెల్లగా ఉన్నాయి. మేకు మాత్రం పీకలేదు, దాని చుట్టూ సున్నం వేశారు. దూది సర్దుతూ ఆమె ఏదో పాత పాట కూనిరాగం తీస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఓయ్‌నిసా, నువ్వు కొడతావని తెలిసినా అడుగుతున్నాను. ఆ రోజు ఒతిన్ చెవిలో ఇస్మత్‌ను ఏ వరసలో చెప్పావు? పోయినవాళ్ళలోనా, ఉన్నవాళ్ళలోనా?"

ఆమె కుట్టు ఆపలేదు.

"ఇన్నాళ్ళు ఓపిక పట్టావంటే నీకు జబ్బు చేసిందేమో అనుకున్నాను" అంది. "ఇదే మాట ఒతిన్ కూడా అడిగింది, అక్కడే. ఆ గడపలో నిలబడి వాణ్ణి అల్లాకు అప్పగించాను అన్నది నేనే కదా, మునవ్వర్ ఆపా. నోటితో అన్నానంతే, ఇన్నేళ్ళూ వాడి చొక్కా పట్టుకునే ఉన్నాను. ఆ రోజు పేరొక్కటే చెప్పాను. ఏ వరసలో కూర్చోబెట్టుకున్నాడో ఆయనకు తెలుసు, నువ్వు పేరు చెప్పు చాలు అన్నాను. ఆ సూది ఇటివ్వు, నీది బాగా పదునుగా ఉంది."